పిల్ల గుర్రం నోటికి పని కావాలి

లాయం తలుపు పైఅంచు చూస్తే చాలు, లోపలి గుర్రానికి రోజు ఎలా గడుస్తోందో సగం తెలిసిపోతుంది. మెడ బయటపెట్టి నిలబడే చోట చెక్క అర్ధచంద్రాకారంలో తరిగిపోయి ఉంటుంది. వేలితో తడిమితే పైన తడిగా, అడుగున పీచుపీచుగా తగులుతుంది. పక్కపక్కనే సన్నటి గాడులు, ముందుపళ్లు దిగిన గుర్తులు. కింద నేల మీద చెక్క పేళ్లు. లోపల ఏడాది వయసు మగపిల్ల చెవులు ముందుకు పెట్టి మీ చొక్కా గుండీలకేసి చూస్తుంటుంది, ఇక వాటి వంతే అన్నట్టు.

ఇది చూసిన యజమాని నోట వచ్చే మాట ఇంచుమించు ఒకటే. "దానికి బోర్ కొడుతోందండీ. ఆడుకోవడానికి ఏదైనా కొని పడేయాలి."

పిల్ల గుర్రాల మధ్య తిరిగే మనిషిని కాబట్టి ఈ మాట నా చెవిన తరచూ పడుతుంది. ఇందులో మొదటి సగంతో నాకు పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా రెండో సగంతోనే. బంతి కొంటారు, ఉప్పు గడ్డ వేలాడదీస్తారు, తలుపుకు కారం మందు పూస్తారు, చివరికి మెడకు పట్టీ బిగిస్తారు. ఇవన్నీ కొరకడం ఎలా ఆపాలన్న ప్రశ్నకు జవాబులు. ఆ ప్రశ్నే సరైంది కాదని నేనంటాను. గుర్రం నోరు రోజులో ఎక్కువ భాగం ఆడుతూ ఉండటానికే తయారైంది. దాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. ఆ నోట్లో ఏం పడాలన్నది మాత్రమే మన చేతుల్లో ఉంది. గడ్డి అందకపోతే తలుపు అందుకుంటుంది. తోటి గుర్రం అందకపోతే మన మోచెయ్యి అందుకుంటుంది. ఈ రెండూ అమర్చాక బంతి సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ముందు కాస్త లెక్క చూద్దాం. బయట స్వేచ్ఛగా మేసే గుర్రం రోజుకు 14 నుంచి 18 గంటలు మేతలోనే గడుపుతుంది. ఓ కొరుకు, నమలడం, రెండడుగులు, మళ్లీ కొరుకు. పగలూ రాత్రీ ఇదే వరస. దాని కడుపూ ఈ పద్ధతికి తగ్గట్టే ఉంటుంది. అంత పెద్ద ఒంటికి జీర్ణాశయంలో పట్టేది 8 నుంచి 15 లీటర్లే. అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచే లాలాజలం మాత్రం దవడ కదిలినప్పుడే వస్తుంది. మనకైతే మంచి వాసన తగిలినా నోరూరుతుంది, గుర్రానికి ఆ సౌకర్యం లేదు, నమిలితేనే. అంటే నోరు ఖాళీగా ఉన్నంతసేపూ కడుపులో ఆమ్లానిదే రాజ్యం. నాలుగు గంటలకు మించి మేత లేకుండా ఉంచొద్దని పశువైద్యులు మొత్తుకునేది ఇందుకే.

ఇప్పుడు లాయంలోకి రండి. కిలో ఎండుగడ్డి నమలడానికి పెద్ద గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కిలో దాణాకైతే 10 నిమిషాలు చాలు. 500 కిలోల గుర్రానికి ఒంటి బరువులో 2 శాతం లెక్కన 10 కిలోల ఎండుగడ్డి వేశారనుకోండి. మంచి మేతే, ఎవరూ వంక పెట్టలేరు. అయినా ఏడు గంటల్లోపే ఖాళీ. గుర్రం నిద్రకు రోజు మొత్తం మీద మూడు నుంచి ఐదు గంటలు పోతాయి. ఇంకా కనీసం 12 గంటలు మిగిలాయి. నాలుగు గోడల మధ్య, ఏ పనీ లేకుండా, నోట్లో ఏమీ లేకుండా. అదే గడ్డి తగ్గించి, త్వరగా పెరగాలని దాణా పెంచిన పిల్ల గుర్రం సంగతి చెప్పనక్కర్లేదు. కడుపుకు కావాల్సిన బలం పది నిమిషాల్లో అందేసింది, దవడకు కావాల్సిన పని అందనే లేదు. పొట్టి జాతి గుర్రాలు ఇంకా చాలా నెమ్మదిగా నములుతాయి గానీ వాటికి వేసే గడ్డీ తక్కువే.

కాబట్టి "బోర్ కొడుతోంది" అన్నప్పుడు నేను మొదట అడిగేది ఆటవస్తువుల గురించి కాదు. నిన్న ఎన్నింటికి గడ్డి వేశారు, ఎన్నింటికి అయిపోయింది అని. మొదటి దానికి జవాబు ఠక్కున వస్తుంది. రెండోదానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవడం చాలా అవసరం, ఎందుకంటే చెక్క కొరకడం పేరుతో రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకటి మామూలు కొరుకుడు. గుర్రం చెక్కను నిజంగానే పీకుతుంది, నములుతుంది, కొంత మింగుతుంది కూడా. కంచె కర్రలు సన్నబడతాయి. పీచు సరిపోని మేత పెట్టినప్పుడు, చలిగా తడిగా ఉన్న రోజుల్లో ఇది పెరుగుతుంది. రెండోది వేరు. గుర్రం పై ముందుపళ్లను తలుపు అంచుకో తొట్టి అంచుకో ఆనిస్తుంది. మెడ కింది కండరాలు తాళ్లలా బిగుస్తాయి. మొత్తం ఒంటి బరువుతో వెనక్కి లాగుతుంది, అప్పుడు గొంతులోకి గాలి పోతూ "హుక్" అని చిన్న మూలుగు లాంటి చప్పుడు. వదులుతుంది. పెదాలు నాక్కుంటుంది. మళ్లీ పళ్లు ఆనిస్తుంది. కళ్లు అప్పుడు ఎటూ చూస్తున్నట్టుండవు. దీన్ని క్రిబ్ బైటింగ్ అంటారు. ఇది చెక్క కోసం చేసే పని కాదు, చెక్క లేకపోతే ఇనప కమ్మీకి పళ్లు ఆనిస్తుంది. ఒకసారి స్థిరపడిందంటే జీవితాంతం ఉండిపోవడమే ఎక్కువ. స్వేచ్ఛగా తిరిగే అడవి గుర్రాల మందల్లో దీన్ని ఎవరూ చూడలేదు. పెంచిన చోటే పుట్టిన అలవాటు.

మొదటిది రెండోదిగా మారుతుందా అంటే ప్రతిసారీ కాదు. కానీ రెండూ ఒకే నేలలో మొలుస్తాయి. బ్రిటన్‌లో వాటర్స్, నికోల్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు 225 పిల్ల గుర్రాలను నాలుగేళ్లపాటు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో చెక్క కొరుకుడు మొదలుపెట్టినవి సుమారు 30 శాతం. క్రిబ్ బైటింగ్ మొదలుపెట్టినవి పదింట ఒకటి, అదీ వాటిలో సగం 20 వారాల వయసులోపే. అంటే ఐదు నెలలైనా నిండకుండానే! ఇది చదివినప్పుడు నేను ఆగిపోయింది ఆ శాతాల దగ్గర కాదు, ఆ వయసు దగ్గర. ఏడాదిన్నర పిల్లను కొని తెచ్చుకుని "మా దగ్గరికొచ్చాక బోర్ కొట్టి నేర్చుకుంది" అనుకునేవాళ్లు చాలామంది. అది అంతకు ఎంతో ముందే, తల్లి నుంచి విడదీసిన రోజుల్లోనే మొదలై ఉండొచ్చు.

ఆ పరిశోధనలో తేలిన కారణాలు కూడా అటే చూపిస్తాయి. తల్లి నుంచి విడదీసేటప్పుడు లాయంలో బంధించిన పిల్లల్లో ఈ అలవాట్లు ఎక్కువ, బయలులో విడదీసిన వాటిలో తక్కువ. విడదీశాక గడ్డి నేలలో కాకుండా కొట్టాల్లో ఉంచితే ఇంకాస్త ఎక్కువ. విడదీశాక దాణా పెట్టిన పిల్లల్లో క్రిబ్ బైటింగ్ మొదలయ్యే రేటు నాలుగు రెట్లు. బొమ్మలున్నాయా లేవా అన్నది ఎక్కడా లేదు చూడండి. ఉన్నవి మేత, చోటు, విడదీసిన తీరు.

తల్లి నుంచి విడదీయడం గురించి మనం సరిపడా మాట్లాడుకోం. వదిలేస్తే ఆడ గుర్రం తన తర్వాతి పిల్ల పుట్టబోయే ముందు, ఎనిమిది తొమ్మిది నెలలకో ఆ తర్వాతో పిల్లను మెల్లగా దూరం పెడుతుంది. పెంపకంలో నాలుగు నుంచి ఆరు నెలలకే, తరచూ ఒక్క పూటలో తెంచేస్తాం. ఒక్క రోజులో ఆ పిల్లకు పాలు పోయాయి, తల్లి పోయింది, కొత్త గది వచ్చింది, కొత్త దాణా వచ్చింది. అంతవరకు ఆకలేసినా భయమేసినా ఏమీ తోచకపోయినా నోరు వెళ్లి చేరే చోటు ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ నోటికి దొరికేది తలుపు. ఈ స్థితిలో దాని ముందు ఓ రంగురంగుల బంతి దొర్లించడం, ఆకలికి ఏడ్చే పసివాడి చేతికి గిలక్కాయ ఇవ్వడం లాంటిది. కాసేపు ఆగుతాడు. అంతే.

పాల నుంచి మాన్పించక తప్పదు, నిజమే. చేసే పద్ధతుంది. మందలో ఉన్న తల్లుల్ని ఒక్కొక్కటిగా తప్పిస్తూ పిల్లల్ని తమకు తెలిసిన చోట, తెలిసిన తోటి పిల్లల మధ్యే ఉంచేయడం ఒకటి. వాటి మధ్య నెమ్మదస్తురాలైన పెద్ద ఆడ గుర్రాన్నో, విత్తు కొట్టిన మగ గుర్రాన్నో ఉంచడం ఇంకొకటి. ఏ పిల్లనైనా ఒంటరిగా గదిలో పెట్టి తలుపేయడం మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటని నా అభిప్రాయం. ఆ తలుపు ఖర్చు తర్వాత కనబడుతుంది.

కారం మందులు, మెడ పట్టీల దగ్గరికి వద్దాం. తలుపుకు చేదో కారమో పూస్తే గుర్రం ఆ తలుపు మానేస్తుంది, నిజం. పక్కనున్న గుంజ పట్టుకుంటుంది. అన్నిటికీ పూస్తే తన పక్క గుర్రం తోక పట్టుకుంటుంది. పిల్లలు ఒకదాని తోక ఒకటి పొట్టిగా అయ్యేదాకా నమిలేసిన మందల్ని మీరూ చూసే ఉంటారు. చెక్క అంచులకు రేకు కొట్టడం, కంచె పైన కరెంటు టేపు లాగడం వల్ల కంచె బతుకుతుంది. కంచె కాపాడుకోవడం న్యాయమే, నేను వద్దనను. గుర్రానికేదో చేశామని మాత్రం అనుకోవద్దు. ఇక క్రిబ్ బైటింగ్‌కు కట్టే మెడ పట్టీ, గొంతు దగ్గర బిగిసి, వెనక్కి లాగడాన్ని కష్టం చేస్తుంది. పట్టీ విప్పగానే గుర్రం మామూలు కన్నా ఎక్కువగా ఆ పనిలో పడుతుందని ప్రయోగాల్లో తేలింది. లోపల కోరిక అలాగే పేరుకుంటోందన్నమాట.

కడుపు సంగతి మర్చిపోవద్దు. క్రిబ్ బైటింగ్ చేసే పిల్ల గుర్రాల జీర్ణాశయాల్లోకి ఎండోస్కోపుతో చూస్తే, చేయని పిల్లల కన్నా ఎక్కువ పుండ్లు, వాపు కనిపించాయి. ఆమ్లాన్ని తగ్గించే పదార్థాలు మేతలో కలిపాక ఆ కడుపులు బాగుపడ్డాయి. ఇది కూడా 2002లో నికోల్ బృందం ప్రచురించినదే. పుండు వల్ల అలవాటు వచ్చిందా, రెండిటికీ మూలం ఒకటేనా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. ఏదైనా కావచ్చు, కడుపు మంటతో ఉన్న పిల్ల మెడకు పట్టీ బిగించడం నాకు మనస్కరించదు. పళ్లు ఆనించి లాగడం మొదలుపెట్టిన పిల్లకు ముందు డాక్టరుతో కడుపు చూపించండి.

"దాని పక్కన ఉంచకండి, మిగతావీ నేర్చుకుంటాయి" అని ఇంకో మాట ఉంది. ఈ మాట మీదే ఎన్ని గుర్రాలు చివరి గదిలో, ఎవరూ కనబడని మూల, ఒంటరిగా ఉండిపోయాయో! చూసి నేర్చుకుంటాయనడానికి గట్టి ఆధారం లేదు. ఒకే లాయంలో నాలుగింటికి అలవాటుందంటే ఆ నాలుగూ ఒకే గడ్డి, ఒకే దాణా, ఒకే గోడలు పంచుకున్నాయి, రక్త సంబంధం కూడా ఉండొచ్చు. అది వదిలేసి ఒకటి రెండోదానికి పాఠం చెప్పిందనడం మనకు సౌకర్యం. వేరుచేసిన గుర్రం పరిస్థితి ఇంకా దిగజారుతుంది, ఎందుకంటే దానికి మిగిలిన ఒక్క తోడూ పోయింది.

ఇంత చెప్పినా, ప్రతి కొరుకుడూ జబ్బు కాదు. పిల్ల గుర్రం లోకాన్ని మూతితోనే చూస్తుంది. ముక్కు కింద ఏముందో దాని కంటికి ఆనదు. పెదాల చుట్టూ ఉండే పొడవాటి మీసాలే ఆ లోటు తీరుస్తాయి. అందం కోసం వాటిని కత్తిరించిన గుర్రాలను పోటీలకు రానివ్వకుండా అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య 2021 జులై నుంచి నిబంధన పెట్టింది, మంచి పని చేసింది. కొత్త బకెట్టు పెడితే పిల్ల ముందు ఊపిరి వదులుతుంది, మీసాలు తాకిస్తుంది, పై పెదవితో తడుముతుంది, ఆ తర్వాత పళ్లు పెట్టి లేపి చూస్తుంది. అంతా అయ్యాక దాంట్లో కాలు పెట్టి తన్నడం ఎలాగూ ఉంది. కొత్తగా పుట్టిన పిల్లలు తల్లి లద్దె తింటాయి, చూసి కంగారు పడిపోతారు. మొదటి రెండు నెలల్లో అది మామూలే, పేగుల్లోకి కావాల్సిన సూక్ష్మజీవులు అలా చేరతాయి.

పళ్ల గొడవ వేరే. పుట్టిన వారంలోపు మధ్య ముందుపళ్లు, నాలుగైదు వారాలకు వాటి పక్కవి, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య అంచువి. అక్కడితో ఊరుకుంటుందనుకుంటే పొరపాటు. రెండున్నరేళ్లకు మధ్యవి ఊడి కొత్తవి, మూడున్నరకు పక్కవి, నాలుగున్నరకు అంచువి. ఇదే కాలంలో లోపల దవడ పాలపళ్లు కూడా ఊడిపోతుంటాయి. మొత్తం 24 పాలపళ్లు రెండేళ్లలో రాలిపోయి కొత్తవి రావాలి. సరిగ్గా ఈ వయసులోనే మనం కళ్లెం అలవాటు చేస్తాం, స్వారీ మొదలుపెడతాం, అది తల విదిలిస్తే పొగరంటాం. మూడేళ్ల గుర్రం ఉన్నట్టుండి చెక్క పట్టిందంటే నేనైతే ముందు నోరు తెరిపించి చూపిస్తాను. నమిలిన గడ్డి ఉండలుగా కింద పడేస్తున్నా, ఒక ముక్కులోంచే వాసన వస్తున్నా అసలు ఆలస్యం చేయకూడదు. రెండు నుంచి ఐదేళ్ల వయసు మధ్య ఆరు నెలలకోసారి పళ్లు చూపించడం మంచిది.

సరే, మరి ఏం పెట్టాలి? ముందుగా గడ్డి, ఎక్కువసేపు వచ్చేలా. సన్నటి కన్నాల వల కడితే అదే గడ్డి రెట్టింపు సేపు కూడా రావచ్చు. కానీ పిల్ల గుర్రాల దగ్గర వల జాగ్రత్తగా వాడాలి. అవి కాలితో గోకుతాయి, డెక్క కన్నంలో ఇరుక్కుంటుంది. ఖాళీ అయిన వల కిందికి సాగి కాలికి అందేలా వేలాడితే మరీ ప్రమాదం. పెట్టె అడుగున గడ్డి పోసి దాని పైన గట్టి జాలీ పరిచి నేల మీదే ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. తల కిందికి వంచి తినడం వాటి పళ్లకూ ఊపిరితిత్తులకూ సహజం. ఇంకో చిన్న కిటుకు, గడ్డంతా ఒకే చోట వేయకుండా మూడు నాలుగు చోట్ల పెట్టండి, అందులో ఒకటి రెండు వేరే రకం గడ్డివి. ఒకే రకం ఎండుగడ్డికి బదులు పలు రకాల మేత పెట్టిన లాయాల్లో గుర్రాలు ఎక్కువసేపు మేతలో గడిపాయని ప్రయోగాలు చేసి చూపించారు. కారణం ఊహించడం కష్టం కాదు. మొదటి కుప్ప అయిపోకుండానే రెండోది వెతుక్కుంటూ వెళ్తుంది. ఎంచుకుంటుంది. మళ్లీ మొదటిదానికి వస్తుంది. బయలులో చేసేదీ అదే కదా.

రెండోది కొమ్మలు. చెక్క కొరికే గుర్రానికి చెక్కే ఇవ్వమనడం వింతగా ఉండొచ్చు. మందు కొట్టని విల్లో, పోప్లార్, బర్చ్, ఆపిల్ కొమ్మలు, మణికట్టు లావువి, ఆకులతో సహా పెట్టి చూడండి. ఒక పిల్ల ఆ కొమ్మతో ఏం చేస్తుందో కాసేపు నిలబడి చూడటం నాకు ఇష్టమైన కాలక్షేపం. ముందు ఆకులు పెదవితో దూసుకుంటుంది. తర్వాత పళ్లు పక్కకు వాల్చి బెరడును చారలు చారలుగా లాగుతుంది, లాగినది నోటి పక్కన వేలాడుతుంటే నములుతూ తల ఊపుతుంది. బెరడంతా పోయాక తెల్లటి కర్ర మిగులుతుంది, దాని మీద దానికి ఆసక్తి ఉండదు. ఇంకో పిల్ల వచ్చి రెండో చివర పట్టుకుంటే మాత్రం ఆ కర్రకు మళ్లీ విలువొస్తుంది.

ఏ కొమ్మ అన్నది తెలియకపోతే పెట్టకండి. గన్నేరు కొద్దిగా తిన్నా గుర్రం ప్రాణం పోతుంది. యూ (yew) అనే చెట్టూ అంతే. వాడిపోయిన రెడ్ మేపుల్ ఆకులు రక్తాన్ని దెబ్బతీస్తాయి, చెర్రీ జాతి చెట్ల వాడిన ఆకుల్లో సైనైడ్ పుడుతుంది. నల్ల వాల్‌నట్ చెక్క పొట్టు మీద నిలబడితేనే డెక్కల్లో లామినైటిస్ అనే బాధాకరమైన వాపు వచ్చేస్తుంది, తినక్కర్లేదు. పాత కంచెలకు పట్టించిన ఆర్సెనిక్ మందులు, చెక్కకు పూసే తారు లాంటి క్రియోసోట్, సీసం ఉన్న పాత రంగులు కూడా ఈ జాబితాలోవే. గుర్రం వాంతి చేసుకోలేదు. మింగింది లోపలికే పోవాలి. చెక్క పేడు గుచ్చుకోవడం, పేగు అడ్డుపడటం, కాలిక్ అనే కడుపునొప్పి, వీటి భయంతోనే కంచె కొరుకుడు నిర్లక్ష్యం చేయొద్దనేది. ఎప్పుడూ ఉప్పు గడ్డ ఒకటి అందుబాటులో ఉంచండి. కానీ ఉప్పు లోపమే చెక్క కొరకడానికి కారణమన్న నమ్మకం మీద నాకు గురి లేదు. పీచు లోపం అంతకన్నా ఎక్కువసార్లు కనబడుతుంది.

నోటికి గడ్డి తర్వాత కావాల్సింది ఇంకో గుర్రం. ఇది తోడు గురించిన మాటే కాదు, అచ్చంగా నోటి గురించిన మాట. మగపిల్లలు ఆడుకునేది నోటితోనే. మెడ కొరకడం, ముందు మోకాలు పట్టుకోబోవడం, అవతలిది మోకాళ్ల మీద కూలబడి తప్పించుకోవడం, మళ్లీ లేచి వెంటపడటం. పెద్ద గుర్రం ఎదురైతే పిల్ల మెడ చాచి నోరు తెరిచి దవడలు టకటకలాడిస్తుంది, చిన్నదాన్ని, ఏమీ అనకు అని. ఆట శ్రుతి మించితే పెద్దది చెవులు వెనక్కి వేసి ఒక్క చూపు చూస్తుంది, అర్థమైపోతుంది. ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్పేది ఆ చూపే. ఇవన్నీ లేకుండా పెరిగిన పిల్ల ఆ ఆట మీతో ఆడుతుంది. చొక్కా చెయ్యి పట్టుకుంటుంది. మీరు మూతి మీద ఒకటి వేస్తారు. దాని లెక్కలో మీరు కూడా ఆటలోకి దిగినట్టే. కొట్టేకొద్దీ ఆట ముదురుతుంది.

గుర్రాలు జతగా నిలబడి ఒకదాని జూలు మొదట్లో ఒకటి పళ్లతో గోకడం చూసే ఉంటారు. ఫ్రాన్స్‌లోని కమార్గ్ ప్రాంతపు గుర్రాల మీద 1993లో ప్రచురించిన పరిశోధనలో, గుర్రాలు ఎంచుకుని గోక్కునే సరిగ్గా అదే చోట మనిషి చేత్తో గోకినా గుండె వేగం తగ్గిందని తేలింది. వేరే చోట గోకితే తగ్గలేదు. తన పళ్లకు పని, అవతలి గుర్రం గుండెకు నెమ్మది. ఏ కంపెనీ బొమ్మ ఇది ఇస్తుంది?

బొమ్మలంటే నాకు ద్వేషమేమీ లేదు. గడ్డి, తోడు, తిరగడానికి చోటు ఉన్న పిల్లకు బొమ్మ నిజంగా బొమ్మే. ప్లాస్టిక్ కోను ఒకటి పడేయండి. పళ్లతో పైకొస పట్టుకుని, అదేదో తన ప్రతాపమన్నట్టు మైదానమంతా తిప్పుతుంది, పక్కదాని వీపు మీద వేస్తుంది. కానీ కొత్తదనం ఉన్నంతసేపే. అందుకని రోజూ ఉంచకుండా తీసేసి, మార్చి మార్చి పెట్టాలి. తీపి నాకుడు గడ్డలు నాకు నచ్చవు, చక్కెర కోసం నేర్పే ఇంకో అలవాటు అది. తాళ్లతో వేలాడదీసినవి, కాలు దూరే టైర్లు, పళ్లకు ముక్కలై వచ్చే పల్చటి ప్లాస్టిక్కు పిల్లల దగ్గర వద్దు. పగ్గం కట్టే తలపట్టీ (హాల్టర్) వేసి వదిలేయడమూ వద్దు, ఎక్కడో తగులుకుంటుంది. తప్పదనుకుంటే గట్టిగా లాగితే తెగిపోయే తోలుది వేయండి.

బొమ్మ కన్నా మీరు పనికొస్తారు. రోజూ ఓ పది పదిహేను నిమిషాలు చాలు, పిల్ల గుర్రం శ్రద్ధ అంతకు మించి నిలవదు. పగ్గం పట్టుకుని కొత్త దారిన నడిపించండి. నేల మీద కర్రలు పరిచి దాటించండి. గాలికి రెపరెపలాడే టార్పాలిన్ పట్టా చూపించి, భయపడితే వెనక్కి తగ్గనిచ్చి, మళ్లీ దానంతటది ముక్కు ఆనించేదాకా ఆగండి. ఆ ఆగడంలోనే దాని బుర్రకు పని. చేతిలో తినుబండారం పెట్టి మాత్రం కాదు, దాంతో మొదలయ్యేది వేళ్లు కొరకడమే. ఇష్టమైతే గిన్నెలో వేయండి.

"అన్నీ బాగానే ఉన్నాయి, బయలు ఎక్కడుందండీ మా దగ్గర" అంటారు. నిజమే, అందరికీ ఎకరాలుండవు. గాయమైన గుర్రాన్ని గదిలో ఉంచక తప్పదు. అలాంటప్పుడు కూడా వరుస మారదు. పక్క గదికీ దీనికీ మధ్య గోడ తీసేసి, మూతులు కలిసేలా కమ్మీలు పెట్టొచ్చు. రోజులో కొన్ని గంటలైనా చిన్న ఆవరణలో ఇంకో గుర్రంతో కలిపి వదలొచ్చు. ఎదిగే ఎముకలు గట్టిపడటానికి ఆ పరుగులు ఎలాగూ కావాలి. దాణా అవసరమైనంతే ఉంచి, చిన్న చిన్న పాళ్లుగా, ముందు గడ్డి తిన్నాకే పెట్టొచ్చు. ఇప్పటికే క్రిబ్ బైటింగ్ స్థిరపడిన గుర్రమైతే ఇవన్నీ చేసినా మానకపోవచ్చు, తగ్గొచ్చు. మానలేదని పట్టీకి పరుగెత్తకండి. దాని ముందుపళ్లు అరగకుండా, అది ఆనించే అంచుకు రబ్బరు తొడుగు వేసి వదిలేయడం మేలు. ఇలాంటి గుర్రాల్లో పేగు మెలిపడే ఒక రకం కాలిక్ ఎక్కువ కాబట్టి కడుపునొప్పి లక్షణాల మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

అన్నిటికన్నా సులువుగా సరిదిద్దుకోగలిగేది రాత్రి. సాయంత్రం ఆరింటికి ఆఖరి మేత వేసి ఇళ్లకు వెళ్తాం. పదింటికల్లా గడ్డి అయిపోతుంది. తెల్లారి ఆరింటిదాకా ఎనిమిది గంటలు ఆ పిల్ల నోట్లో ఏమీ ఉండదు, చుట్టూ చెక్క ఉంటుంది. రోజు మేతలో సగానికి పైగా ఆ పూటకే దాచి, రెండు మూడు చోట్ల కన్నాల పెట్టెల్లో సర్ది వెళ్లండి. పొద్దున వచ్చేసరికి పెట్టెల్లో గుప్పెడు గడ్డి మిగిలి ఉండాలి, అప్పుడే సరిపోయినట్టు. మిగలకపోతే మర్నాడు ఇంకాస్త వేయండి. లావెక్కుతుందని భయముంటే కోయాల్సింది దాణాను, గడ్డిని కాదు.